దగ్గరి దారి చూపిన డైక్‌స్ట్రా



ఇలాంటి సంచికల్లో మహనీయుల జీవిత చరిత్రలు చదవడం మనకు అలవాటే. అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి, అబ్దుల్ కలాం వంటి వారి గురించి ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. ఈసారి మేము కంప్యూటర్ రంగానికి చెందిన ఒక శాస్త్రవేత్త గురించి రాయాలనుకున్నాం. ఆయన పేరు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. బీటెక్, ఎంసీఏ చదివిన వారికి ఈ పేరు పరీక్షల్లో వచ్చే ప్రశ్నగా తెలుసు. మన క్లాసుల్లో చాలామంది డిజిక్‌స్ట్రా అని పలుకుతారు. ఆయన మాతృభాష డచ్. ఆ భాషలో ఆ పేరును ఇంచుమించు డైక్‌స్ట్రా అనే పలుకుతారు.

మనం ఇంటర్నెట్‌లో ఒక పరీక్షా ఫలితం చూడాలన్నా, స్కాలర్‌షిప్ దరఖాస్తు పంపాలన్నా ఆ సమాచారం ఎన్నో రూటర్లను దాటుకుంటూ వెళ్తుంది. రూటరంటే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి, ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలో చెప్పే యంత్రం. దాని దగ్గర ప్రపంచ పటం ఉండదు. మరి దారి ఎలా తెలుస్తుంది? తోటి రూటర్లు చెబితే తెలుస్తుంది. అవి చెప్పిన దాన్నిబట్టి దగ్గరి దారి లెక్క కట్టే పద్ధతిని డైక్‌స్ట్రా 1956లో కనిపెట్టారు. అప్పటికి ఇంటర్నెట్ లేదు, రూటర్లూ లేవు. ఈ వ్యాసంలో ఆయన జీవితంతో పాటు, రూటర్లు ఒకదానితో ఒకటి ఏం చెప్పుకుంటాయో కూడా తెలుసుకుందాం.

బాల్యం, విద్యాభ్యాసం

డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్ దేశంలోని రాటర్‌డామ్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు, డచ్ రసాయన శాస్త్ర సంఘానికి అధ్యక్షుడిగా కూడా పనిచేశారు. తల్లి గణితంలో దిట్ట, కానీ ఎక్కడా ఉద్యోగం చేయలేదు. నలుగురు పిల్లల్లో ఈయన మూడోవాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మన సంచికల్లో వచ్చే జీవిత చరిత్రలు ఎక్కువగా వీధి దీపం కింద చదువుకున్న వారివి. డైక్‌స్ట్రా అలా చదువుకోలేదు. ఆయన పుట్టేనాటికే ఆ ఇంట్లో చదువుంది, పుస్తకాలున్నాయి, లెక్క రాకపోతే చెప్పే తల్లి ఉంది. పేదరికాన్ని జయించారని ఆయన గురించి రాస్తే అది అబద్ధం అవుతుంది. అయినా మన హాస్టల్ పిల్లలు ఆయన్ని ఎందుకు తెలుసుకోవాలో ముందుకు పోయేకొద్దీ మీకే అర్థమవుతుంది.

అయితే కష్టకాలం ఆయన్నీ వదల్లేదు. పదేళ్ళు నిండిన మూడో రోజున, అంటే 1940 మే 14న, జర్మన్ విమానాలు రాటర్‌డామ్ మీద బాంబులు వేసి నగరం నడిబొడ్డును నేలమట్టం చేశాయి. ఆ తర్వాత అయిదేళ్ళపాటు దేశం పరాయి సైన్యం చేతిలో ఉంది. 1944-45 చలికాలంలో పశ్చిమ నెదర్లాండ్స్‌లో తిండి దొరకక వేలమంది చనిపోయారు. ఆయన హైస్కూలు చదువు కొంత ఆ రోజుల్లోనే సాగింది.

చిన్నప్పుడు ఆయన కోరిక న్యాయశాస్త్రం చదివి, ఐక్యరాజ్యసమితిలో తన దేశం తరఫున పనిచేయాలని. కానీ 1948లో స్కూలు పూర్తయ్యేసరికి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఆయనకు వచ్చిన మార్కులు చూసి పెద్దలు సైన్సు వైపు మళ్ళించారు. లైడెన్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం చదవడానికి చేరారు.

1951లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మూడు వారాల కోర్సు ఒకటి పెడుతున్నారని తండ్రి కంటపడింది. ఎడ్‌శాక్ అనే తొలితరం కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాయడం నేర్పే కోర్సు అది. భౌతికశాస్త్రానికి పనికొస్తుందిలే అనుకుని డైక్‌స్ట్రా వెళ్ళారు. ఆ మూడు వారాలే ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి.

పేరు లేని ఉద్యోగం

కేంబ్రిడ్జికి వెళ్ళివచ్చిన కుర్రవాడి గురించి విని, ఆమ్‌స్టర్‌డామ్‌లోని మ్యాథమెటికల్ సెంటర్‌లో గణన విభాగం అధిపతి వాన్ వైన్‌గార్డెన్ ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. 1952 మార్చిలో డైక్‌స్ట్రా అక్కడ చేరారు. నెదర్లాండ్స్‌లో ప్రోగ్రామర్‌గా ఉద్యోగం పొందిన మొదటి వ్యక్తి ఆయనే. ఒకవైపు లైడెన్‌లో చదువు, మరోవైపు ఆమ్‌స్టర్‌డామ్‌లో పని.

మూడేళ్ళు గడిచాక ఆయనకు పెద్ద దిగులు పట్టుకుంది. భౌతికశాస్త్రవేత్త అంటే లోకం గౌరవిస్తుంది. ప్రోగ్రామర్ అంటే ఏమిటి? దానికి పుస్తకాలున్నాయా, సూత్రాలున్నాయా, పట్టా ఉందా? ఏమీ లేవు. ఎవరైనా నీ విద్య ఏమిటని అడిగితే చూపించడానికి తన చేతిలో ఏమీ ఉండదని బాధపడ్డారు. ఆ దిగులును వాన్ వైన్‌గార్డెన్ ముందు పెట్టారు. ఆయన ఓపికగా అంతా విని, అప్పటికి అది శాస్త్రం కాదన్న మాట నిజమేనని ఒప్పుకున్నారు. అయితే కంప్యూటర్లు ఇక ఎక్కడికీ పోవని, దాన్ని శాస్త్రంగా నిలబెట్టేవారిలో నువ్వే ఒకడివి ఎందుకు కాకూడదని అడిగారు. గదిలోంచి బయటికి వచ్చేసరికి డైక్‌స్ట్రా మనసు స్థిరపడింది. లైడెన్ చదువు త్వరగా ముగించి, పూర్తిగా ప్రోగ్రామింగులోకి వచ్చేశారు.

1957లో ఆయన పెళ్ళయింది. నెదర్లాండ్స్‌లో పెళ్ళి నమోదు చేసేటప్పుడు వృత్తి చెప్పాలి. ఆయన ప్రోగ్రామర్ అని చెప్పారు. అలాంటి వృత్తి లేదని ఆమ్‌స్టర్‌డామ్ మున్సిపల్ అధికారులు ఒప్పుకోలేదు. చివరికి ఆ కాగితం మీద సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త అని రాయాల్సి వచ్చింది.

మిత్రులారా, ఈ సంఘటన దగ్గర మేము కాసేపు ఆగాం. మనలో చాలామంది ఇంటికి మొదటి పట్టభద్రులం. సెలవులకు ఇంటికి వెళ్తే నాయన, అమ్మ, మేనమామలు ఏం చదువుతున్నావని అడుగుతారు. డేటా కమ్యూనికేషన్ అంటే వాళ్ళకు ఏం చెప్పాలి? కంప్యూటర్ చదువు అని చెప్పి ఊరుకుంటాం. మనం చేసే పనికి మన ఇంట్లో పేరు లేకపోవచ్చు. డైక్‌స్ట్రా పనికైతే ప్రభుత్వ రికార్డులోనే పేరు లేదు. అయినా ఆయన ఆ పని మానలేదు, ఆ తర్వాత పేరు దానంతట అదే వచ్చింది.

ఇరవై నిమిషాల లెక్క

1956లో మ్యాథమెటికల్ సెంటర్ వారు ఆర్మాక్ అనే కొత్త కంప్యూటర్‌ను తయారు చేశారు. ప్రారంభోత్సవానికి వచ్చేవారిలో గణితం తెలియనివాళ్ళే ఎక్కువ. వాళ్ళకు కూడా అర్థమయ్యే లెక్క ఒకటి చేసి చూపించాలి. రెండు ఊళ్ళ మధ్య అన్నిటికన్నా దగ్గరి దారి ఏది? ఈ ప్రశ్న ఎవరికైనా అర్థమవుతుంది.

ఒకరోజు ఆయన కాబోయే భార్యతో కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో షాపింగుకు వెళ్ళి, అలసిపోయి ఒక కాఫీ హోటల్ ఆరుబయట కూర్చున్నారు. కాఫీ తాగుతూ ఇరవై నిమిషాల్లో ఆ లెక్క పద్ధతిని తలలోనే తయారుచేసుకున్నారు. చేతిలో కాగితం లేదు, పెన్సిలు లేదు. అందువల్లే అనవసరమైన చిక్కులన్నీ వదిలేసి, సులువైన పద్ధతి పట్టుకోగలిగానని ఆయన తర్వాతి రోజుల్లో అనుకునేవారు. ప్రదర్శన కోసం నెదర్లాండ్స్ పటంలో 64 ఊళ్ళు తీసుకున్నారు. 64 ఎందుకంటే, ఆరు బిట్లతో సరిగ్గా అన్ని ఊళ్ళకే నంబర్లు ఇవ్వవచ్చు.

ఆ పద్ధతిని చిన్న ఉదాహరణతో చూద్దాం. క, గ, చ, ట అని నాలుగు ఊళ్ళున్నాయి. క నుంచి గ కు 4 మైళ్ళు, క నుంచి చ కు 1 మైలు, చ నుంచి గ కు 2 మైళ్ళు, గ నుంచి ట కు 5 మైళ్ళు, చ నుంచి ట కు 8 మైళ్ళు. మనం క లో ఉన్నాం, ట కు పోవాలి.

మొదట క పక్కనున్న ఊళ్ళు చూడాలి. గ 4, చ 1. వీటిలో చిన్నది చ. దానికి ఇంతకన్నా దగ్గరి దారి ఉండే అవకాశం లేదు కాబట్టి చ ను ఖాయం చేయాలి. ఇప్పుడు చ మీదుగా పోతే గ కు 1+2=3. ఇది పాత 4 కన్నా తక్కువ, కాబట్టి 4 కొట్టేసి 3 రాయాలి. చ మీదుగా ట కు 1+8=9. మిగిలినవాటిలో చిన్నది గ, దాన్ని 3తో ఖాయం చేయాలి. గ మీదుగా ట కు 3+5=8. పాత 9 కొట్టేసి 8 రాయాలి. సమాధానం 8 మైళ్ళు, దారి క, చ, గ, ట. చూడటానికి క నుంచి నేరుగా గ కు పోయే రోడ్డు దగ్గర అనిపించినా, చ మీదుగా తిరిగి పోవడమే దగ్గర. ఖాయం చేసినదాన్ని మళ్ళీ ముట్టుకోనక్కర లేదు, ఖాయం కాని వాటిలో ఎప్పుడూ చిన్నదాన్నే తీసుకోవాలి. పద్ధతి అంతా ఇంతే.

ఇంత మంచి పద్ధతి మూడేళ్ళపాటు అచ్చు కాలేదు. అలాంటి విషయాలు వేసుకునే పత్రికలు అప్పట్లో సరిగా లేవు. 1959లో ఒక జర్మన్ గణిత పత్రికలో మూడు పేజీల చిన్న వ్యాసంగా వచ్చింది. అదే ఏడాది ఆయనకు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ లభించింది.

చెప్పుడు మాటలు, సొంత మాటలు

ఇప్పుడు రూటర్ల సంగతికి వద్దాం. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ 1969లో అమెరికాలో మొదలైంది. అందులో దారి కనుక్కోవడానికి మొదట వాడిన పద్ధతి డైక్‌స్ట్రాది కాదు. ప్రతి యంత్రం తన పొరుగు యంత్రానికి ఏ చోటు తన నుంచి ఎంత దూరమో చెబుతుంది. పొరుగుది దానికి తన దూరం కలుపుకుని మరో పొరుగుకు చెబుతుంది. దీన్ని డిస్టెన్స్ వెక్టర్ పద్ధతి అంటారు.

వినడానికి బాగానే ఉంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, క, గ, చ అనే మూడు రూటర్లు ఒకే వరుసలో ఉన్నాయనుకోండి. గ కు, చ కు మధ్య తీగ తెగిపోయింది. చ కు దారి లేదని గ కు తెలుసు. అంతలో క వచ్చి చ తనకు రెండంగల దూరమేనని చెబుతుంది. నిజానికి ఆ రెండంగల దారి గ మీదుగా పోయేదే. కానీ క దూరమే చెప్పింది, దారి చెప్పలేదు. గ నమ్మేసి, అయితే తనకు మూడంగలు అనుకుంటుంది. అది విని క నాలుగంటుంది, గ అయిదంటుంది. లేని దారి గురించి ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుంటూ అంకెలు పెంచుకుంటూ పోతారు. ఇదే కుటుంబానికి చెందిన రిప్ అనే ప్రోటోకాల్‌లో అంకె 16కు చేరితే దారి లేనట్టే అని ఒక హద్దు పెట్టి ఈ గొడవ ఆపారు.

1979లో బీబీఎన్ సంస్థలో జాన్ మెక్విలన్, ఐరా రిచర్, ఎరిక్ రోజెన్ బృందం ఆర్పానెట్‌లో కొత్త పద్ధతి పెట్టింది. అదే లింక్-స్టేట్ పద్ధతి. ఇందులో ఏ రూటరూ దూరపు ఊళ్ళ గురించి విన్నమాట చెప్పదు. తన పొరుగువాళ్ళెవరు, వాళ్ళతో తన లింకు పనిచేస్తోందా లేదా, దాని ఖర్చు ఎంత, ఈ మూడు సంగతులే చెబుతుంది. ఆ చిన్న చీటీని మాత్రం నెట్‌వర్క్‌లోని ప్రతి రూటరుకూ చేరవేస్తారు. చివరికి అందరి చీటీలూ అందరి దగ్గరా ఉంటాయి. వాటిని అతికిస్తే మొత్తం పటం తయారవుతుంది. ఆ పటం మీద ప్రతి రూటరూ తానున్న చోటును మొదలుగా పెట్టుకుని డైక్‌స్ట్రా లెక్క వేసుకుంటుంది. కాఫీ హోటల్లో కూర్చుని తలలో వేసిన ఆ లెక్కే ఇది.

చీటీ ఎలా తిరుగుతుంది?

నేడు ఎన్నో సంస్థల నెట్‌వర్క్‌లలో వాడే ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్ ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. దీని మొదటి రూపం 1989లో, రెండో రూపానికి ఇప్పటికీ ఆధారంగా ఉన్న పత్రం 1998లో వచ్చాయి. రెండూ జాన్ మాయ్ రాసినవే. ఐఎస్-ఐఎస్ అనే మరో ప్రోటోకాల్ కూడా ఇదే కుటుంబానిది.

ఓఎస్‌పీఎఫ్‌లో రూటర్ మామూలుగా పది సెకన్లకోసారి పొరుగువాళ్ళకు హలో అనే చిన్న ప్యాకెట్ పంపుతుంది. నలభై సెకన్లపాటు ఒక పొరుగు నుంచి హలో రాకపోతే ఆ పొరుగు పోయినట్టే లెక్క. అప్పుడు రూటర్ కొత్త చీటీ రాస్తుంది. చీటీని పొరుగువాళ్ళకు ఇస్తుంది. తీసుకున్న రూటర్ అది తన దగ్గర ఉన్నదానికన్నా కొత్తదా అని చూస్తుంది. కొత్తదైతే దాచుకుని, ముట్టిందని జవాబిచ్చి, వచ్చిన వైపు తప్ప మిగతా పొరుగువాళ్ళందరికీ పంపుతుంది. తన దగ్గర ఉన్నదే అయితే ఇక ముందుకు పంపదు. దీన్ని ఫ్లడింగ్ అంటారు. చెరువు గట్టు తెగితే నీరు అన్ని చేలకూ పారినట్టు వార్త అన్ని మూలలకూ చేరుతుంది.

ఏ చీటీ కొత్తదో ఎలా తెలుస్తుంది? ప్రతి చీటీ మీద దాన్ని రాసిన రూటర్ వరుస నంబరు వేస్తుంది. పెద్ద నంబరున్నది కొత్తది. చీటీకి వయసు కూడా ఉంటుంది. రాసిన రూటర్ ముప్పై నిమిషాలకోసారి దాన్ని మళ్ళీ కొత్తగా పంపాలి. గంట దాటినా కొత్తది రాకపోతే అందరూ పాత చీటీని పారేస్తారు. చీటీలోని విషయాన్ని రాసినవారే మార్చాలి, మధ్యలోని వారు వయసు తప్ప ఏదీ మార్చరు.

ఒకే తీగ మీద పది రూటర్లుంటే, ప్రతి ఒక్కటీ ప్రతి ఒక్కదానితో మాట్లాడుకోవాలంటే 45 జతలవుతాయి. అంత గోల లేకుండా ఒక రూటరును ప్రతినిధిగా, మరొకదాన్ని దానికి బదులుగా ఎన్నుకుంటారు. మిగతావి ఈ రెండింటితోనే చీటీలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మనం మెస్ కమిటీకి లీడర్‌ను, డిప్యూటీ లీడర్‌ను ఎన్నుకున్నట్టే.

వల కూలిన రోజు

ఈ పద్ధతి కూడా ఒకసారి పెద్ద దెబ్బ తింది. 1980 అక్టోబర్ 27న ఆర్పానెట్ మొత్తం కొన్ని గంటలపాటు స్తంభించిపోయింది. కారణం చాలా చిన్నది. యంత్రం మెమరీలో బిట్లు చెడి, ఒకే యంత్రం పేరుతో 8, 40, 44 అనే మూడు నంబర్ల చీటీలు తయారయ్యాయి.

అప్పటి నంబర్లు ఆరు బిట్లవి. 63 తర్వాత మళ్ళీ సున్నా వస్తుంది, గడియారంలో పన్నెండు తర్వాత ఒకటి వచ్చినట్టు. ఆ లెక్కన 40 కన్నా 44 కొత్తది. 8 కన్నా 40 కొత్తది. చుట్టు తిరిగి చూస్తే 44 కన్నా 8 కొత్తది! ఇక ఆ మూడు చీటీలూ ఒకదాన్ని మరొకటి తోసేస్తూ ఆగకుండా తిరిగాయి. ప్రతి యంత్రం వచ్చిన ప్రతిదాన్నీ కొత్తదనుకుని దాచుకుని, పొరుగువాళ్ళకు పంపింది. ఏ యంత్రమూ నియమం తప్పలేదు. నియమం ప్రకారం నడుచుకుంటూనే అందరూ కలిసి నెట్‌వర్క్‌ను ముంచారు. చివరికి ఆ యంత్రం పేరుతో వచ్చే చీటీలను పట్టించుకోవద్దని అన్ని యంత్రాల్లోనూ మార్పు చేస్తేగాని వల తేరుకోలేదు.

ఇలాంటి ఆపద గురించి డైక్‌స్ట్రా 1974లోనే ఆలోచించారు. ఆ ఏడాది రాసిన ఒక చిన్న వ్యాసంలో ఆయన వేసుకున్న ప్రశ్న ఇది. ఎన్నో యంత్రాలున్నాయి, ఒక్కోదానికి తన పక్కవాళ్ళ సంగతి మాత్రమే తెలుసు, పైనుంచి చూసే అధికారి లేడు. ఎంత పాడైన స్థితిలోంచి మొదలైనా అవి తమంతట తామే సరైన స్థితికి రాగలవా? రాగలవని ఆయన చూపించారు. దానికి సెల్ఫ్-స్టెబిలైజేషన్ అని పేరు. దాదాపు పదేళ్ళు ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1983లో లెస్లీ లాంపోర్ట్ ఒక సదస్సులో దాని గొప్పతనాన్ని అందరికీ గుర్తుచేశారు. అదే ఏడాది రేడియా పెర్ల్‌మన్ అనే శాస్త్రవేత్త, చెడిపోయిన చీటీలు పుట్టినా నెట్‌వర్క్ తనంతట తాను కోలుకునేలా రూటర్ల పద్ధతిని ఎలా సరిచేయాలో రాశారు. ఓఎస్‌పీఎఫ్‌లో నంబర్లు గుండ్రంగా తిరగవు, 32 బిట్ల వరకు నేరుగా పెరుగుతాయి. చీటీ చెడిందో లేదో చూసే చెక్‌సమ్ ఉంటుంది. పాతబడిన చీటీ దానంతట అదే పోతుంది.

మిగతా కృషి

డైక్‌స్ట్రా చేసిన పనులన్నీ రాయాలంటే ఈ సంచిక చాలదు. 1960లో యాప్ జోన్నెవెల్డ్‌తో కలిసి ఆల్గాల్ 60 భాషకు కంపైలర్ రాశారు. అది పూర్తయ్యేదాకా గడ్డం గీసుకోకూడదని ఇద్దరూ అనుకున్నారు. పని పూర్తయ్యాక మిత్రుడు గీసుకున్నాడు, ఈయన ఉంచుకున్నారు. 1962లో ఐంధోవెన్‌లో గణిత ప్రొఫెసర్ అయ్యారు. ఒకే వస్తువును ఎన్నో ప్రోగ్రాములు వాడుకోవాల్సి వస్తే తగాదా రాకుండా చూసే సెమాఫోర్ ఆయన ఆలోచనే. రైలు సిగ్నల్ నుంచి తీసుకున్న పేరు అది. ప్రోగ్రాములో గోటూ అనే ఆజ్ఞను విచ్చలవిడిగా వాడితే చదివేవారికి దారి తప్పుతుందని 1968లో ఆయన రాసిన ఉత్తరం పెద్ద దుమారం లేపింది. 1972లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు లభించింది. 1984 నుంచి 1999 వరకు అమెరికాలోని ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో బోధించారు.

ఆయన అలవాటు ఒకటి మమ్మల్ని బాగా ఆకట్టుకుంది. మనసులో మెదిలిన ప్రతి ఆలోచననూ ఫౌంటెన్ పెన్నుతో చక్కని దస్తూరితో రాసి, పైన తన పేరులోని పొడి అక్షరాలు ఈడబ్ల్యూడీ వేసి, వరుస నంబరు ఇచ్చేవారు. జిరాక్స్ తీసి కొద్దిమంది మిత్రులకు పోస్టులో పంపేవారు. వాళ్ళు మళ్ళీ జిరాక్స్ తీసి తమ మిత్రులకు పంపేవారు. అలా అవి ప్రపంచమంతా తిరిగాయి. జీవితకాలంలో 1,300కు పైగా రాశారు. రాసినవారి పేరు, వరుస నంబరు, చేతి నుంచి చేతికి పంపకం. ఇది రూటర్ల చీటీ లాంటిదే కదా!

2002 ఆగస్టు 6న నెదర్లాండ్స్‌లోని నూనెన్‌లో, తన ఇంట్లో, క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 72 సంవత్సరాలు. సెల్ఫ్-స్టెబిలైజేషన్ వ్యాసానికి ఆ సంవత్సరమే ఒక అంతర్జాతీయ సదస్సు బహుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఆ బహుమతికే డైక్‌స్ట్రా బహుమతి అని పేరు పెట్టారు.

మనకేమిటి?

చదువుకున్న ఇంట్లో పుట్టిన పిల్లవాడికి కేంబ్రిడ్జి కోర్సు గురించి తండ్రి చెప్పాడు. మన నాయనలకు అలాంటి కబుర్లు తెలిసే వీలు లేదు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. మనకు ఆ కబురు సీనియర్లు, పూర్వ విద్యార్థులు చెప్పాలి.

ఇప్పుడు మనకు కబుర్లు ఎలా చేరుతున్నాయి? ఫలానా కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయమట, ఫలానా కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదట, సర్టిఫికెట్ల పరిశీలన వచ్చే వారమట. ఎవరు చెప్పారో, ఏ సంవత్సరం సంగతో తెలియదు. ఒకరు మరొకరిని నమ్ముకుని, లేని దారికి అంకెలు పెంచుకుంటూ పోయే ఆ పాత రూటర్ల లాగే ఉన్నాం. ఇలాంటి చెప్పుడు మాటల వల్ల తేదీ దాటిపోయి సీటు పోగొట్టుకునేది తెలివి తక్కువవారేమీ కాదు, ఇంటికి మొదటి చదువరులు.

కాబట్టి పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒకటే. మొత్తం లోకం గురించి చెప్పనవసరం లేదు. మీరు స్వయంగా చేరిన కోర్సు, కట్టిన ఫీజు, రాసిన పరీక్ష, చేస్తున్న ఉద్యోగం, వీటి గురించి ఒక్క పేజీ రాసి పంపండి. మీ పేరు, తేదీ వేయండి. లింకు తెగిపోతే, అంటే కోర్సు ఎత్తేస్తేనో నియమం మారితేనో, ఆ సంగతి కూడా రాయండి. మంచి కబురు కన్నా చెడ్డ కబురు ముందు చేరాలి. హాస్టల్ లైబ్రరీలో ఇందుకోసం ఒక రిజిస్టర్ పెడదాం. సంవత్సరం దాటిన పేజీని రాసినవారే మళ్ళీ సరిచూడాలి, లేకపోతే కొట్టేద్దాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ పేజీలన్నీ చదివి, మీరున్న చోటును మొదలుగా పెట్టుకుని, మీ దారి మీరే లెక్క వేసుకోండి. ఒకరికి దగ్గరైన దారి మరొకరికి దగ్గర కాకపోవచ్చు. పటం అందరిదీ, లెక్క మాత్రం ఎవరిది వారిదే.